పాట రాయగలను, కానీ వరుస ఎప్పుడూ ఒకే దారిన పోతోంది: బాణీ ఎలా కట్టుకోవాలి?

ప్రశ్న: బడిపాటల మాస్టారు (తెనాలి)

సభ్యులందరికీ నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. మూడు నాలుగేళ్ళుగా మా పిల్లల కోసం చిన్న చిన్న పాటలు రాస్తున్నాను. మాటలు కూర్చడంలో నాకు పెద్ద ఇబ్బంది లేదు, ఇబ్బందంతా వరుస కట్టడంలోనే వస్తోంది. చిన్నప్పుడు సరళీ స్వరాలు, జంట స్వరాలు, రెండు మూడు గీతాలు నేర్చుకున్నాను. హార్మోనియం మీద తెలిసిన పాట వాయించుకోగలను, అంతకు మించి సంగీతం రాదు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న పాట పల్లవి ఇది:

చెరువు నిండె చేపలార
చెట్టు కింద కొంగ చూసె

మొదటి చరణం ఇది:

అలలపైన ఆడవద్దు
అమ్మ మాట దాటవద్దు

హార్మోనియం ముందు పెట్టుకుని కూర్చుంటే మొదటి పాదానికి "స రి గ – ప , గ – రి , గ – రి , స" అని వచ్చింది. రెండో పాదానికి కూడా కాస్త అటూ ఇటూగా అదే వచ్చింది. చరణమైనా వేరుగా ఉంటుందేమోనని మొదలుపెడితే, వేళ్ళు మళ్ళీ ఆ మెట్ల మీదికే వెళ్ళాయి. నిరుడు కట్టిన పాటను తీసి చూసుకుంటే అదీ మోహన రాగంలోనే (స రి గ ప ద అన్న అయిదు స్వరాలది) ఉంది, అదీ ఇలాగే పంచమం (ప) దాకా ఎక్కి షడ్జానికి (స) దిగుతోంది. మూడో తరగతి పిల్లవాడొకడు "ఇది పాత పాటే కదా సార్" అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

కొత్త వరుస తట్టడానికి మీరు ఏం చేస్తారు? చరణం పల్లవికి అతుకుతూనే వేరుగా వినిపించాలంటే ఎలా? ఇంకొక భయం కూడా ఉంది. తట్టిన వరుస ఎప్పుడో రేడియోలో విన్న పాటదేమో అని అనుమానం వస్తే దాన్ని ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1: ఫిడేలు పంతులు (విజయనగరం)

మాస్టారూ, మీ నాలుగు పాదాలనూ వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. పాదానికి నాలుగు గణాల చొప్పున మొత్తం పదహారు గణాలు ఉన్నాయి, పదహారూ మూడేసి మాత్రల సూర్యగణాలే. వాటిలో "చెరువు", "అలల" అన్న రెండే నగణాలు (మూడూ లఘువులే). మిగిలిన పద్నాలుగూ ఒక గురువు, ఒక లఘువు. నిండె, చేప, లార, చెట్టు, కింద, కొంగ, చూసె అంటూ ఒకే అడుగు పద్నాలుగు సార్లు పడుతోంది. అడుగు మారనప్పుడు స్వరాలను ఎంత మార్చినా చెవికి అదే పాట అనిపిస్తుంది. మీరు నింద మోహన మీద వేస్తున్నారు గాని, పాపం, దాని తప్పు ఇందులో చాలా తక్కువ.

నా మొదటి సలహా హార్మోనియం మూత పెట్టెయ్యమని. వాద్యం ముందు కూర్చున్నవాడి వేళ్ళు తెలిసిన చోటికే వెళతాయి. ఫిడేలు పట్టుకున్నా అంతే, నలభై ఏళ్ళు వాయించాక కూడా నా వేళ్ళు నన్ను మోసం చేస్తూనే ఉన్నాయి. కాబట్టి ముందు మాటను పాడకుండా మాటగానే, ఎదురుగా పిల్లలున్నట్టు ఊహించుకుని చెప్పి చూడండి. "చెరువు నిండె చేపలార" అన్నది సంబరం. "చెట్టు కింద కొంగ చూసె" అన్నది రహస్యంగా చేసే హెచ్చరిక. మీరు రెంటికీ ఒకే వరుస ఇచ్చారు. అంటే కొంగ వచ్చిన సంగతి మీ చేపలకు ఇంకా తెలియదన్న మాట.

రెండో పాదంలో కొంగ ఎక్కడ కనబడాలో నిర్ణయించుకుంటే వరుసలో సగం దానంతట అదే తేలుతుంది. ఉదాహరణకు చప్పట్లు వేస్తూ ఇలా ప్రయత్నించండి. గణానికొక దెబ్బ వేస్తే మొదటి పాదానికి నాలుగు దెబ్బలు పడతాయి, దాన్ని రెండుసార్లు పాడితే ఎనిమిది. రెండో పాదం ఒక్కసారే పాడండి. "చెట్టు కింద" అని రెండు దెబ్బలు అయ్యాక నోరు మూసుకుని రెండు దెబ్బలు చప్పట్లు మాత్రమే వెయ్యండి, తరువాత "కొంగ చూసె" అని రెండు దెబ్బల్లో పాడి, చివరి అక్షరం మీద ఇంకో రెండు దెబ్బలు నిలవండి. ఇదీ ఎనిమిది దెబ్బలే. తాళం ఎక్కడా తప్పలేదు, కాని ఆ నిశ్శబ్దంలో పిల్లలందరూ కొంగ కోసం వెతుకుతారు.

ఇప్పుడు స్వరాల సంగతికి వద్దాం. మీ పాదాలన్నీ షడ్జం మీద ముగుస్తున్నాయి. ప్రతి పాదానికీ ఇంటికి వచ్చి తలుపు వేసుకుంటే తరువాతి పాదం బయలుదేరడానికి కారణం ఉండదు. మొదటి పాదాన్ని మొదటిసారి రిషభం (రి) మీద ఆపండి, అది ప్రశ్నలా వేలాడుతుంది. రెండోసారి పాడినప్పుడు షడ్జానికి దింపండి. రెండో పాదంలో "చెట్టు" దగ్గర పంచమం, "కింద" దగ్గర ధైవతం (ద) నుంచి పంచమానికి ఒక చిన్న కదలిక, నిశ్శబ్దం తరువాత "కొంగ" కు ఒక్కసారిగా పై షడ్జం, "చూసె" కు మళ్ళీ పంచమం పెట్టి అక్కడే ఆపి చూడండి. షడ్జానికి దిగకపోవడం వల్ల కొంగ ఇంకా ఆ చెట్టు కిందే నిలబడి ఉన్నట్టు ఉంటుంది. ఇది కూడా మోహనే. రాగం మార్చకుండానే ఇంత తేడా వస్తుంది.

చరణానికి నేనైతే నడకే మారుస్తాను. మూడు మాత్రల నడక నుంచి ఏడు మాత్రల మిశ్రానికి వెళ్ళాలంటే మాటలు కూడా అలా కుదరాలి. ఉదాహరణకు "జల్లు ఆగిన వేళలో నీ / నీడ చూసుకు మురియబోకు" అనుకోండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు చొప్పున మొదటి పాదం పద్నాలుగు మాత్రలు. రెండో దానిలో ఒక మాత్ర తగ్గింది, చివరి అక్షరాన్ని సాగదీస్తే సరిపోతుంది. గురజాడ 1910లో ముత్యాల సరాలకు ఎన్నుకున్నది ఈ మూడు, నాలుగుల నడకనే. ఆ నడకకు మాట్లాడుతున్నట్టూ పాడుతున్నట్టూ రెండు విధాలా వినిపించే గుణం ఉంది. నా మాటలు ఉదాహరణ కోసం మాత్రమే, మీరు మీవి రాసుకోండి.

బడిపాటల మాస్టారు

పంతులు గారూ, పద్నాలుగు సార్లు ఒకే అడుగు పడుతోందన్న విషయం రాసినవాణ్ణి నాకే తెలియలేదు. చాలా కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం ఉంది. ఇదంతా మాట ముందు, వరుస తరువాత అన్న పద్ధతి. సినిమాలలో ఎక్కువగా వరుస ముందు కట్టి, దానికి మాటలు రాయిస్తారని విన్నాను. నాలాంటివాడికి ఆ దారి ఏమైనా సులువా?

జవాబు 2: పల్లవి కోసం (రాజమండ్రి)

నేను ట్యూనుకు మాటలు రాసే పని చాలా ఏళ్ళు చేశాను, అందువల్ల ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే చనువు తీసుకుంటున్నాను. వరుస ముందు పుట్టే పద్ధతిలో ఉన్న గొప్ప లాభం ఏమిటంటే, మాటల అలవాట్లు వరుసను కట్టిపడెయ్యవు. "తాన నాన", "లలల" అని అర్థం లేని అక్షరాలతో కూనిరాగం తీస్తున్నప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ సాగదీయాలో గొంతే నిర్ణయించుకుంటుంది. మీ పాటకు కూడా ఒకసారి ఇలా చేసి చూడండి. మీ మాటలను పక్కన పెట్టి, చేపలకు కొంగ సంగతి చెప్పాలన్న ఊహను మాత్రం మనసులో ఉంచుకుని, నడుస్తూ కూనిరాగం తియ్యండి. ఫోనులో రికార్డు చెయ్యండి. వెంటనే వినకండి, రెండు రోజులు ఆగండి. పాడినప్పుడు అద్భుతమనిపించిన ముక్క రెండు రోజుల తరువాత నీరసంగా ఉండవచ్చు, దగ్గుకీ దగ్గుకీ మధ్య వచ్చిన మూడు స్వరాలే పనికి రావచ్చు. నాకు రెండోదే ఎక్కువసార్లు జరిగింది.

అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, తెలుగుకు అది మరీ ఎక్కువ. మన భాషలో హ్రస్వానికీ దీర్ఘానికీ అర్థమే మారిపోతుంది. వరుసలో పొడుగు స్వరం పడిన చోట హ్రస్వం ఉంటే "కల" కాస్తా "కాల" అవుతుంది, "పద" కాస్తా "పాద" అవుతుంది. మీ పాటే తీసుకోండి. మొదటి అక్షరాన్ని సాగదీసే వరుస కట్టారంటే "చెరువు" వినేవారికి "చేరువ" లా వినబడుతుంది, చేపల కథ ప్రేమకథ అయిపోతుంది. మాట చివర మాత్రం మనకు కావలసినంత స్వేచ్ఛ ఉంది, ఎందుకంటే తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. "కొంగ" ను "కొంగా" అని సాగదీసినా ఎవరూ తప్పుపట్టరు. కాబట్టి సాగదీయడం మాట చివర, పరుగు మాట మొదట పెట్టుకుంటే వరుసకూ మాటకూ తగవు రాదు.

మాట ముందా, వరుస ముందా అన్న వాదానికి నా దృష్టిలో పెద్ద విలువ లేదు. అన్నమయ్య సంకీర్తనలనే చూడండి. రాగిరేకుల మీద ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంది గాని స్వరాలు లేవు. 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, తరువాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు ఆ మాటలను చూసి కొత్తగా వరుసలు కట్టారు. ఒకే సంకీర్తనను ఇద్దరు రెండు రకాలుగా కట్టిన సందర్భాలూ ఉన్నాయి, విన్నప్పుడు రెండూ ఆ మాటల కోసమే పుట్టినట్టు ఉంటాయి. మీరు కూడా సాధన కోసం ఒక వేమన పద్యాన్ని తీసుకుని, బడిలో నేర్చుకున్న వరుస కాకుండా ఇంకో రెండు వరుసల్లో కట్టి చూడండి. మాటలు మీవి కానప్పుడు, వాటిని మార్చే అవకాశం లేనప్పుడు, చెవి వరుస మీదనే నిలుస్తుంది.

ఇక మీ భయం గురించి. మోహనలో "గ ప ద" అన్న సంచారం ఎవరి సొంతమూ కాదు. ఒక పాటను ఆ పాటగా గుర్తుపట్టించేది స్వరాల వరుస, నడక, ఆగే చోటు మూడూ కలిసిన ముద్ర. ఆ మూడూ కలిసి ఎక్కడో విన్నట్టు ఉంటే అప్పుడు అనుమానించాలి. నేను చేసే పరీక్ష ఒకటే. మాటలు లేకుండా, కూనిరాగంగా, ఇంట్లో ఒక పెద్దవారికీ ఒక పిల్లవాడికీ వినిపించి ఏ పాట గుర్తుకు వచ్చిందని అడుగుతాను. ఇద్దరూ ఒకే పాట పేరు చెబితే ఆ వరుసను వదిలేస్తాను. చెరో పాట చెబితే దిగులు పడను. చట్టం సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. 1957 నాటి కాపీరైటు చట్టం సాహిత్యాన్ని, సంగీతాన్ని వేరు వేరు కృతులుగానే చూస్తుంది, స్వరకర్త మరణించాక 60 సంవత్సరాల వరకు హక్కు ఉంటుంది. కాబట్టి మాటలు పూర్తిగా మీవే అయినా, వరుస మరొకరిదైతే అది మీదని చెప్పుకోవడానికి వీలుండదు.

జవాబు 3: కోలాటం (సిద్దిపేట)

పంతులు గారి విశ్లేషణ చదివి చాలా నేర్చుకున్నాను, కాని చరణంలో నడక మార్చమన్న సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నేను కూడా బడిలో పాటలు చెప్పేదాన్నే. నలభై మంది పిల్లలు చప్పట్లతో పాడుతున్నప్పుడు మూడు మాత్రల నుంచి ఏడుకు మారితే సగం మంది పాత చప్పట్లలోనే ఉండిపోతారు, మిగిలిన సగం మంది పక్కవాళ్ళను చూసి ఆగిపోతారు. కచేరీలో అందంగా ఉండేదంతా గుంపు పాటకు పనికిరాదు.

మా వైపు బతుకమ్మ పాటలను గమనించండి. నాలుగైదు స్వరాలను మించి పోవు. ఒకామె పాదం చెబుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు "ఉయ్యాలో" అని గాని "చందమామ" అని గాని అందుకుంటారు. పాట ఎంత పొడవైనా వరుస దాదాపు అదే, అయినా విసుగు పుట్టదు. ఒక గొంతు వెంట అన్ని గొంతులూ లేవడం, చప్పట్లు, అడుగు, వంగి లేవడం అన్నీ కలిసి వరుసకు కావలసిన మార్పును ఇస్తాయి. పాదం చెప్పే ఆమెకు ఆ "ఉయ్యాలో" ఊపిరి తీసుకునే వ్యవధినీ, తరువాతి పాదం గుర్తు చేసుకునే వ్యవధినీ కూడా ఇస్తుంది. మాస్టారి పాటలోనూ "అలలపైన ఆడవద్దు" అని ఒక పిల్ల అంటే, మిగతావాళ్ళు "వద్దు వద్దు" అని రెండే స్వరాల్లో అందుకోవచ్చు. చరణం వేరుగా వినబడడానికి అది చాలు.

ఇంకో మాట చెప్పాలి. పై షడ్జం దాకా వెళ్ళే వరుస అయితే శ్రుతి, అంటే షడ్జాన్ని ఏ మెట్టు మీద పెట్టుకోవాలో, చూసుకోండి. హార్మోనియం మీద ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పెడితే పిల్లలు పై షడ్జాన్ని సుఖంగానే అందుకుంటారు. నాలుగు, ఐదుకు పెంచితే "కొంగ" అన్న చోట పాట పోయి అరుపు మిగులుతుంది. కొంగ ఎగిరిపోతుంది కూడా.

ఫిడేలు పంతులు

అమ్మా, మీరు చెప్పింది నిజం. తరగతి గదిలో నలభై మంది చేత పాడించాలన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. మిశ్ర నడక చరణాన్ని పెద్ద పిల్ల ఒక్కతే పాడి, పల్లవి అందరూ అందుకుంటే కుదురుతుందేమో గాని, మూడో తరగతికి మీ "వద్దు వద్దు" అన్న దారే మేలు.

జవాబు 4: నల్లమెట్లు తెల్లమెట్లు (హైదరాబాద్)

నేను కీబోర్డు వాయిస్తాను, కాబట్టి కార్డుల (కలిపి వాయించే స్వరాల గుంపుల) వైపు నుంచి ఒక చిన్న విషయం చేరుస్తాను. చరణానికి కొత్త వరుస తట్టకపోతే, ఉన్న వరుస కిందనున్న ఆధారాన్ని మార్చి చూడండి. సి షడ్జం అనుకుంటే మోహనలో పంచమం అంటే జి. అది సి మేజర్‌లో ఉంది, ఇ మైనర్‌లో ఉంది, జి మేజర్‌లోనూ ఉంది. ఒకే పంచమాన్ని పట్టుకుని ఎడమ చేత్తో ఈ మూడు కార్డులూ మార్చి వినండి. గొంతు కదలకపోయినా స్వరం రంగు మారుతుంది. ఇక చరణాన్ని ధైవతం మీద మొదలుపెట్టి, ధైవతం మీదే ఆపుతూ, కింద ఎ మైనర్ వాయిస్తే, అవే అయిదు స్వరాలు కాస్త బెంగగా వినిపిస్తాయి. అమ్మ మాట దాటవద్దన్న మాటకు ఆ బెంగ సరిపోతుందని నాకు అనిపించింది.

సంగీతం తెలిసినవారు దీన్ని శ్రుతిభేదమంటారు. మోహనలోని ధైవతాన్ని షడ్జంగా భావిస్తే శుద్ధధన్యాసి, గాంధారాన్ని (గ) భావిస్తే హిందోళం, రిషభాన్ని భావిస్తే మధ్యమావతి వస్తాయి. శ్రుతిపెట్టె మాత్రం పాత షడ్జాన్నే పలుకుతూ ఉంటే ఈ మార్పు పూర్తిగా తెలియదు, అందుకే కింద కార్డు కూడా మారాలంటున్నాను. హార్మోనియం మీద ఎడమ చెయ్యి బెల్లోస్‌కే సరిపోతుంది కాబట్టి, కుడి చేతి బొటనవేలితో ధైవతం మెట్టు ఒక్కటి నొక్కి ఉంచినా కొంత పని జరుగుతుంది.

బడిపాటల మాస్టారు

వారం రోజులు ప్రయత్నించి మళ్ళీ రాస్తున్నాను. పంతులు గారు చెప్పినట్టు మొదటి పాదాన్ని రిషభం మీద ఆపి, రెండోసారి షడ్జానికి దింపాను. శ్రుతి ఒకటికి తగ్గించాను. నిశ్శబ్దం పెట్టిన చోట మొదటి రోజు పిల్లలు ఆగలేకపోయారు, ఇద్దరు ముగ్గురు "కొంగ" అని ముందే అరిచేశారు. రెండో రోజుకు ఆ రెండు చప్పట్లే పాటలో వాళ్ళకు అన్నింటికంటే ఇష్టమైన చోటు అయిపోయాయి. ఇప్పుడు అక్కడ అందరూ చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చెట్టు కింద వెతుకుతున్నారు.

చరణానికి "వద్దు వద్దు" కలిపాను. ధైవతం మీద మొదలుపెట్టి అక్కడే ఆగుతోంది. బొటనవేలు కొంచెం నొప్పి పుట్టింది గాని ఆ బెంగ మాత్రం వచ్చింది. మిశ్ర నడక చరణాన్ని అయిదో తరగతి అమ్మాయితో విడిగా పాడించి చూశాను. ఆమె చక్కగా పాడింది, కాని మిగిలినవాళ్ళు పల్లవి అందుకోవలసిన చోట ఎవరికీ అందలేదు, కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టాను.

కూనిరాగం పరీక్ష మా ఇంట్లో చేశాను. మా అమ్మ ఒక భజన పేరు చెప్పింది, మా అబ్బాయి ఒక ప్రకటనలోని పాట పేరు చెప్పాడు.

ఒక్క సంగతి మాత్రం నేను కట్టినట్టు నిలవలేదు. "చూసె" దగ్గర పంచమం మీద ఆపమంటే, వెనక బెంచీ పిల్లవాడొకడు ప్రతిసారీ గాంధారానికి జారుతున్నాడు. రెండు రోజులు దిద్దాను. మూడో రోజు వాడి వెంట తరగతి మొత్తం అలాగే జారింది, వింటే కొంగ మెడ వంచినట్టు ఉంది. ఇప్పుడు నోటు పుస్తకంలో పంచమాన్ని కొట్టేసి గాంధారం రాసుకున్నాను. పంతులు గారికి అభ్యంతరం లేకపోతే అదే ఉంచుతాను.

ఫిడేలు పంతులు

ఉంచండి మాస్టారూ. నేనూ ఇప్పుడే ఫిడేలు మీద వాయించి చూశాను. పంచమం నుంచి గాంధారానికి మెట్టు తెలియకుండా జార్చండి, హార్మోనియం మీద అది రాదు కాబట్టి అక్కడ వాద్యం ఆపేసి పిల్లల గొంతు మాత్రమే వినబడనివ్వండి.